మొదలవడానికే పోయే సమయం: కోడ్ ఎనాలిసిస్ టూల్ వేగాన్ని కొలిచేటప్పుడు స్టార్టప్ ఖర్చును ఏం చేయాలి?

ఒక లింట్ టూల్, అంటే కోడ్‌ను నడపకుండానే చదివి తప్పులు చూపించే టూల్, ఉందనుకుందాం. కమాండ్ కొట్టిన క్షణం నుంచి మొదటి ఫైలును ముట్టుకునేదాకా దానికి 0.8 సెకను పడుతుంది. ఆ తర్వాత ఒక్కో ఫైలుకు 4 మిల్లీసెకన్లు. దాన్ని చూసుకునే ప్రోగ్రామర్ వారం రోజులు కూర్చుని, రూల్స్ నడిపే ఇంజిన్‌ను తిరగరాసి, ఫైలుకయ్యే పనిని 4 నుంచి 3 మిల్లీసెకన్లకు దించాడు. పావు వంతు తగ్గించడమంటే చిన్న విషయం కాదు. కానీ బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) కోసం పెట్టుకున్న ప్రాజెక్టులో ఉన్నవి 50 ఫైళ్లే. పాత వెర్షన్ 1 సెకనులో ముగిస్తే కొత్తది 0.95 సెకనులో ముగుస్తుంది. 25 శాతం మెరుగుదల తెర మీదికి వచ్చేసరికి 5 శాతమైపోతుంది.

మామూలు లాప్‌టాప్ మీద ఏమీ మార్చకుండా ఒకే కమాండ్‌ను రెండుసార్లు నడిపినా మూడు నాలుగు శాతం తేడా వస్తూనే ఉంటుంది. అందువల్ల ఆ 5 శాతం నిజమైనదా, గాలివాటంగా వచ్చిందా అన్నది తేలదు. పోనీ ఎక్కువసార్లు నడిపి సగటు తీద్దామంటే లెక్క ఇంకా బరువవుతుంది. కొలతల్లో చెదురు అంతే ఉండి, పట్టుకోవాల్సిన తేడా ఐదో వంతుకు పడిపోతే, అదే నమ్మకంతో దాన్ని పట్టుకోవడానికి 25 రెట్లు ఎక్కువసార్లు నడపాలి. తేడా ఎన్ని రెట్లు చిన్నదైతే కావాల్సిన కొలతలు దాని వర్గమంత పెరుగుతాయి. ఇక్కడ అసలు కన్నా కొసరు ఎక్కువైంది. కొలవాలనుకున్నది 0.2 సెకను పని, గడియారం కొలిచిన దాంట్లో 80 శాతం టూల్ నిద్ర లేచే సమయం.

అలాగని స్టార్టప్‌ను లెక్కలోంచి తీసి పారేయడమూ సరికాదు. ఎడిటర్‌లో సేవ్ చేసిన ప్రతిసారీ, కమిట్ చేయబోయే ప్రతిసారీ ఒకటి రెండు ఫైళ్ల మీద టూల్ నడిపే మనిషికి ఆ 0.8 సెకనే అనుభవంలోకి వచ్చే వేగం. ఫైలుకు 4 మిల్లీసెకన్లయినా, 3 అయినా అతనికి తెలియదు. పెద్ద రిపోజిటరీ మొత్తాన్ని రాత్రిపూట సర్వర్‌లో నడిపే టీముకు సరిగ్గా దీనికి తిరగబడిన లెక్క. ఒకే టూల్, ఒకే వెర్షన్, ఇద్దరికీ రెండు వేర్వేరు వేగాలు. ఈ రెండింటినీ ఒక్క అంకెలో కలిపి చెప్పే బెంచ్‌మార్క్ ఇద్దరిలో ఎవరికీ ఉపయోగపడదు. స్టార్టప్‌ను తగ్గించాలన్నా, పక్కన పెట్టాలన్నా ముందు దాన్ని విడదీసి చూడాలి. చాలా బెంచ్‌మార్కులు ఈ మెట్టును దాటేసి నేరుగా పోలికలకు దిగుతున్నాయి.

ఆ 0.8 సెకనులో ఏముంది

పై పొరతో మొదలుపెడదాం. చాలాసార్లు మొదటి ఆలస్యం టూల్‌ది కానే కాదు, దాన్ని పిలిచే తొడుగుది. జావాస్క్రిప్ట్ లింట్ టూల్ ఈఎస్‌లింట్‌ను ఎన్‌పీఎక్స్ ద్వారా పిలిస్తే ముందు ఒక నోడ్ (జావాస్క్రిప్ట్‌ను నడిపే రన్‌టైమ్) ప్రాసెస్ లేచి, ఎన్‌పీఎం కోడ్‌ను లోడ్ చేసుకుని, అసలు ప్రోగ్రామ్ ఎక్కడుందో వెతికి, అప్పుడు ఈఎస్‌లింట్ కోసం ఇంకో నోడ్‌ను లేపుతుంది. పైథాన్ వెర్షన్లను మార్చే పైఎన్వ్ వాడే మెషీన్‌లో పైలింట్ అనే టూల్ పేరు కొడితే ముందు నడిచేది ఒక బాష్ స్క్రిప్టు. రూబీ ప్రపంచంలో బండిల్ ఎగ్జెక్ అనే తొడుగు ఉంటుంది. కంటైనర్‌లో నడిపితే ప్రతి కొలతకూ కొత్త కంటైనర్ తయారయ్యే సమయం తోడవుతుంది. బెంచ్‌మార్క్‌లో స్టార్టప్ తగ్గించడానికి అన్నిటికన్నా చవకైన మార్గం ఇక్కడే ఉంది: తొడుగులు వదిలేసి, అసలు ప్రోగ్రామ్ ఫైలు పూర్తి పాత్ ఇచ్చి నేరుగా పిలవడం. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

తర్వాతి పొర భాషా రన్‌టైమ్. దీని మీద ఉన్న అపనింద కాస్త ఎక్కువే. ఖాళీ జావా ప్రోగ్రామ్ ఇవాళ సెకనులో పదో వంతు కూడా తీసుకోకుండా ముగుస్తుంది. ఖాళీ పైథాన్ అంతకన్నా త్వరగా ముగుస్తుంది. అసలు ఆలస్యం ఆ తర్వాత వస్తుంది. టూల్ తన సొంత క్లాసులను, మాడ్యూళ్లను వేల సంఖ్యలో లోడ్ చేసుకోవాలి, వాటిని సరిచూసుకోవాలి, వందల రూల్స్‌ను రిజిస్టర్ చేయాలి, ప్లగిన్లను వెతకాలి, కాన్ఫిగ్ ఫైలు కోసం ఫోల్డర్ నుంచి పై ఫోల్డర్‌కు ఎక్కుతూ పోవాలి, ఏ ఫైళ్లు చూడాలో ఏవి వదలాలో తేల్చాలి.

దీన్ని కంటితో చూడటం కష్టమేమీ కాదు. లినక్స్‌లో టూల్‌ను, సిస్టమ్ కాల్స్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే పనులను) అచ్చువేసే ఎస్‌ట్రేస్ కింద ఒక ఖాళీ ఫైలు మీద నడిపి, ఫైల్ తెరిచే సిస్టమ్ కాల్స్ మాత్రం ఏరి చూస్తే వరసగా బారులు తీరి కనిపిస్తాయి. వాటిలో కొన్ని ‘అలాంటి ఫైలు లేదు’ అన్న జవాబుతో వెనక్కి వచ్చినవే. పైథాన్ ఒక మాడ్యూల్ కోసం తన వెతుకులాట పాత్‌లోని చోట్లన్నీ తిరుగుతుంది, నోడ్ ఒక ప్యాకేజీ కోసం ఫోల్డర్ మెట్లన్నీ ఎక్కుతుంది. పైథాన్ 3.7లో వచ్చిన ఇంపోర్ట్‌టైమ్ ఆప్షన్ పెడితే ఏ మాడ్యూల్‌కు ఎన్ని మైక్రోసెకన్లు పోయాయో చెట్టులా అచ్చవుతుంది. జావాలో క్లాస్ లోడ్ లాగ్ ఆన్ చేస్తే లోడ్ అయిన ప్రతి క్లాసూ ఒక లైను. ఈ జాబితాను ఒక్కసారి పైనుంచి కిందిదాకా చదివితే, ఆ రోజు ఆన్‌లోనే లేని రూల్ కోసం పెద్ద లైబ్రరీ ఒకటి ఊరికే లోడవుతున్న సంగతి బయటపడటం చాలా మామూలు.

ఎంతవరకు స్టార్టప్, ఎక్కడి నుంచి పని?

స్టార్టప్ ఎంతో తెలుసుకోవడానికి చాలామంది చేసే పని, టూల్‌ను వెర్షన్ ఆప్షన్‌తో నడిపి ఆ సమయాన్ని మొత్తంలోంచి తీసేయడం. ఇది తప్పుడు కొలత. వెర్షన్ అడిగినప్పుడు చాలా టూల్స్ కాన్ఫిగ్ చదవవు, ప్లగిన్లు ఎక్కించవు, రూల్స్ రిజిస్టర్ చేయవు. ఒక లైను అచ్చువేసి వెళ్లిపోతాయి. అలా వచ్చిన అంకె నిజమైన స్టార్టప్ కన్నా బాగా తక్కువ. మిగిలినదంతా ‘పని’ ఖాతాలో పడుతుంది.

ఖాళీ ఫైలు ఇచ్చి నడపడం కొంత మెరుగు. కాన్ఫిగ్, ప్లగిన్లు, రూల్స్ అన్నీ ఎక్కుతాయి. కానీ ఇందులోనూ లొసుగుంది. ఇప్పటి టూల్స్‌లో చాలా భాగాలు అవసరం పడినప్పుడే మేలుకుంటాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు మొదటిసారి వాడినప్పుడే కంపైల్ అవుతాయి. టైపుల సమాచారం మొదటి రూల్ అడిగినప్పుడే తయారవుతుంది. ఖాళీ ఫైలులో అడిగేవాళ్లే లేరు. అందుకే ఖాళీ ఫైలు, భాషలోని నిర్మాణాలన్నీ కాస్త కాస్త ఉన్న చిన్న ఫైలు, అలాంటివే రెండు ఫైళ్లు, ఈ మూడింటినీ వరసగా కొలిచి చూడటం మంచిది. ఒక ఫైలుకూ రెండు ఫైళ్లకూ మధ్య తేడా, ఖాళీ ఫైలుకూ ఒక ఫైలుకూ మధ్య తేడా కన్నా చాలా తక్కువగా వస్తుంది. ఆ మిగులంతా మొదటి ఫైలు మోసిన భారం, దాని సొంత పని కాదు.

టూల్ లోపలి గడియారాలూ ఇక్కడే మోసపోతాయి. ఈఎస్‌లింట్‌లో టైమింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే ఏ రూల్‌కు ఎంత సమయం పోయిందో పట్టిక వస్తుంది. టైప్‌స్క్రిప్ట్ టైపుల మీద ఆధారపడే రూల్స్ నాలుగైదు ఆన్‌లో ఉన్నప్పుడు ఆ పట్టికలో ఒక రూల్ మిగతా వాటికన్నా ఎన్నో రెట్లు నెమ్మదిగా కనిపిస్తుంది. దాన్ని ఆఫ్ చేస్తే ఆ భారమంతా పక్క రూల్ మీదికి వెళుతుంది, మొత్తం సమయం పెద్దగా తగ్గదు. కారణం, ఆ రూల్ నెమ్మది కావడం కాదు. టైపులను మొదట అడిగింది అదే కాబట్టి, టైపులు లెక్కగట్టిన ఖర్చు దాని పద్దులో రాశారు. ఇది తెలియక మంచి రూల్స్‌ను ఆఫ్ చేసుకునే టీములు ఉంటాయి, అది బాధాకరమైన నష్టం.

తీసివేత కన్నా గీత నయం

స్టార్టప్‌ను నేరుగా కొలవడానికి ప్రయత్నించకుండా, దాన్ని లెక్కలోంచి రాబట్టే పద్ధతి ఇంకొకటుంది. మొత్తం సమయం అంటే స్థిర ఖర్చు, దానికి ఫైళ్ల సంఖ్యతో ఒక్కో ఫైలు ఖర్చును గుణించిన మొత్తం కలిపినది. ఫైళ్ల సంఖ్యను మారుస్తూ కొలిచి, వచ్చిన బిందువుల గుండా సరళరేఖ గీస్తే, ఆ గీత నిలువు అక్షాన్ని తాకే చోటు స్టార్టప్, గీత వాలు ఒక్కో ఫైలు ఖర్చు. పైన చెప్పిన టూల్‌కు 100 ఫైళ్లకు 1.2 సెకన్లు, 800 ఫైళ్లకు 4 సెకన్లు, 1600 ఫైళ్లకు 7.2 సెకన్లు వస్తాయి. గీత గీస్తే 0.8 సెకను, 4 మిల్లీసెకన్లు విడివిడిగా బయటికొస్తాయి. టూల్ లోపల ఏం జరుగుతోందో ఒక్క ముక్క తెలియకపోయినా ఈ పని చేయవచ్చు. రెండు టూల్స్‌ను పోల్చేటప్పుడు దీని విలువ మరీ ఎక్కువ, ఎందుకంటే ఒకదాని స్టార్టప్ ఎక్కడ ముగుస్తుందో, రెండోదానిది ఎక్కడ ముగుస్తుందో వాదించుకోనక్కర్లేదు.

ఫైళ్లను ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. ఫోల్డర్ వరసలో మొదటి 100 తీసుకుంటే అవన్నీ ఒకే రకం చిన్న ఫైళ్లు కావచ్చు, తర్వాతివి పెద్దవి కావచ్చు. యాదృచ్ఛికంగా ఏరాలి, అడ్డ అక్షం మీద ఫైళ్ల సంఖ్య బదులు లైన్ల సంఖ్య వేస్తే ఇంకా నిలకడగా ఉంటుంది. ఒకే ఫైలును 1000 కాపీలు చేసి వాడటం మంచిది కాదు. ప్రాసెసర్ ఆ దారిని బట్టీ పట్టేస్తుంది, టూల్ లోపలి కాష్‌లు ఊహించనంత లాభపడతాయి, ఫైళ్ల మధ్య సంబంధాలు చూసే టూల్ అయితే ఒకే పేరు క్లాసు వెయ్యిసార్లు ఎదురై వేరే దారిలో పడిపోతుంది.

గీత ప్రతిసారీ తిన్నగా రాదు. అది వంగిన చోటే ఎక్కువ నేర్చుకోవచ్చు. మైపై లాంటి టైప్ చెకర్ ఒక లైను ఫైలును చూడాలన్నా ముందు పైథాన్ అంతర్నిర్మిత టైపుల స్టబ్ ఫైళ్లను (టైపుల వివరాలు మాత్రమే ఉండే ఫైళ్లను) చదవాలి, ఆ ఫైలు ఇంపోర్ట్ చేసుకున్న వాటన్నిటినీ చదవాలి. ఈ పనంతా మొదట్లోనే ఒక్కసారి జరిగిపోతుంది కాబట్టి గీతలో స్టార్టప్‌గా కనిపిస్తుంది. సీ ప్లస్ ప్లస్ లింట్ టూల్ క్లాంగ్ టైడీ కూడా దాదాపు అలాంటి పనే చేస్తుంది: ఒక చిన్న సీ ప్లస్ ప్లస్ ఫైలు కోసం అది పిలిచిన హెడర్లన్నీ చదువుతుంది. కానీ రెండో ఫైలుకు వెళ్లగానే ఆ హెడర్లన్నీ మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. అందుకే అక్కడ అదే రకం పని వాలులో పడుతుంది. పని స్వభావం ఒకటే, పడే చోటు మాత్రం వేరు. మొదటి రకం టూల్‌కు ఫైళ్లన్నీ ఒకే పిలుపులో ఇస్తే ఎంతో లాభం, రెండో రకానికి పెద్దగా లాభం లేదు.

ఒకే పిలుపు అనుకున్నది ఐదు పిలుపులు కావడం

ఫైళ్లన్నీ ఒకే ప్రాసెస్‌కు ఇవ్వడం స్టార్టప్ ఖర్చును పంచడానికి అందరికీ తెలిసిన ఉపాయం. టూల్ సొంత టెస్టుల్లో దీని ప్రభావం బాగా కనిపిస్తుంది. 3000 టెస్టు ఫైళ్లుండి, ఒక్కోదానికి కొత్త ప్రాసెస్ లేపుతూ, ప్రతి లేపుడుకు 0.4 సెకను పోతే 1200 సెకన్లు, అంటే 20 నిమిషాలు స్టార్టప్‌కే పోతాయి. అన్నిటినీ ఒకే ప్రాసెస్‌లో నడిపితే ఆ 20 నిమిషాలు ఉండవు.

కానీ ఫైళ్ల జాబితాను, పేర్లను కమాండ్ లైనుకు తగిలించే ఎక్స్‌ఆర్గ్స్‌కు ఇచ్చి టూల్‌ను నడిపితే, ఒకే పిలుపు జరిగిందన్న నమ్మకం చాలాసార్లు వమ్మవుతుంది. గ్నూ ఎక్స్‌ఆర్గ్స్ ఒక కమాండ్ లైనుకు మామూలుగా వాడుకునే పరిమితి 131072 బైట్లు. ఒక్కో ఫైలు పాత్ సగటున 60 బైట్లుంటే, ఒక పిలుపులో దాదాపు రెండు వేల ఫైళ్లే పడతాయి. 10,000 ఫైళ్ల బెంచ్‌మార్క్‌లో టూల్ ఐదుసార్లు లేచి ఐదుసార్లు పడుకుంటుంది, తెర మీద మాత్రం ఆ సంగతే కనిపించదు. ప్రాజెక్టును ఇంకో ఫోల్డర్‌లోకి మార్చి పాత్‌లు పొడవైతే పిలుపుల సంఖ్య మారి, ‘కొత్త వెర్షన్ నెమ్మదించింది’ అన్న తప్పుడు కబురు పుడుతుంది. కమిట్‌కు ముందు నడిచే ప్రీకమిట్ కూడా ఫైళ్లను ఇలాగే వాటాలు వేసి, పక్కపక్కన చాలా ప్రాసెస్‌లుగా నడుపుతుంది. స్టార్టప్ బరువుగా ఉన్న టూల్‌కు అందులో వరసగా ఒకే ప్రాసెస్‌లో నడపమనే సెట్టింగ్ పెట్టి చూడటం అవసరం. బెంచ్‌మార్క్‌లోనైతే ఫోల్డర్ పేరో, ఫైళ్ల జాబితా ఉన్న ఫైలు పేరో ఇచ్చి టూల్‌నే తిరగనివ్వడం మేలు.

వేడెక్కిన ఇంజిన్, చల్లని ఇంజిన్

ప్రాసెస్‌ను అసలు ఆపకుండా, దాని లోపలే విశ్లేషణ ఫంక్షన్‌ను మళ్లీ మళ్లీ పిలిచి కొలవడం తర్వాతి మెట్టు. జావా టూల్స్‌కు జేఎంహెచ్, పైథాన్‌కు పైపెర్ఫ్ లాంటివి దీనికోసమే ఉన్నాయి. స్టార్టప్ పూర్తిగా మాయమవుతుంది. దాని బదులు ఇంకో చిక్కు వస్తుంది.

జావాను నడిపే ఇంజిన్ హాట్‌స్పాట్‌లో ఒక మెథడ్ ముందు ఇంటర్‌ప్రెటర్‌లో నడుస్తుంది. ఏ మార్పూ చేయని సెట్టింగుల్లో సుమారు 200 పిలుపులు దాటాక తేలికపాటి కంపైలర్‌కు, 5000 దాటాక గట్టి కంపైలర్‌కు వెళుతుంది. లూప్‌లు ఎక్కువున్న మెథడ్లకు లెక్క కాస్త వేరు. నోడ్‌లోని వీ8లోనూ ఇలాంటి అంచెలే ఉన్నాయి. కాబట్టి 10,000 సార్లు వేడెక్కించి కొలిచిన వేగం ఇంజిన్ పూర్తి వేడి మీద ఉన్నప్పటిది. కమాండ్ లైన్‌లో నాలుగు సెకన్లలో ముగిసే పరుగులో ఆ వేడి ఎప్పటికీ రాదు. అక్కడ కోడ్‌లో చాలా భాగం ఇంటర్‌ప్రెటర్‌లోనో, తేలికపాటి కంపైలర్ ఇచ్చిన కోడ్‌తోనో నడిచి ముగిసిపోతుంది. పూర్తి వేడి మీద 30 శాతం లాభం చూపించిన మార్పు, చల్లని పరుగులో నష్టం చూపించవచ్చు. కోడ్ పెద్దదైతే కంపైల్ చేయడానికీ సమయం పోతుంది కదా. ఇంజిన్ వేడెక్కడమే గీతను మొదట్లో నిటారుగా, తర్వాత వాలుగా వంచుతుంది. 100 ఫైళ్ల దగ్గర, 3000 ఫైళ్ల దగ్గర వాలు వేరుగా ఉంటే స్టార్టప్ అంకెలోకి వేడెక్కే ఖర్చు కూడా చేరిందని అర్థం.

రస్ట్‌లో రాసిన రఫ్, గోలో రాసిన గోలాంగ్‌సీఐ లింట్ లాంటి వాటికి ఈ వేడెక్కే దశ లేదు. వాటిని జావా, జావాస్క్రిప్ట్ టూల్స్‌తో పోల్చేటప్పుడు ‘ముందు వేడెక్కించి కొలిచాం’ అంటే ఎవరిని వేడెక్కించారన్నది అడగాలి. ప్రాసెస్‌ను పూర్తిగా మూసి మళ్లీ లేపే పద్ధతిలో వార్మప్ పరుగులు వేడెక్కించేది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఫైళ్ల కాష్‌ను మాత్రమే, ఇంజిన్‌ను కాదు.

లేచి ఉన్న ప్రాసెస్‌ను నకలు తీయడం

మధ్యే మార్గంగా చాలా టూల్స్ వెనకాల ఆగకుండా నడిచే సర్వర్‌ను ఇస్తున్నాయి. మైపైకి డీమైపై ఉంది, రూబీ లింట్ టూల్ రూబోకాప్‌కు 1.31 నుంచి సర్వర్ మోడ్ ఉంది, ఈఎస్‌లింట్‌కు ఈఎస్‌లింట్ డీ అనే విడి ప్యాకేజీ ఉంది. రోజువారీ వాడకానికి ఇవి మంచివి. బెంచ్‌మార్క్‌కు మాత్రం వీటిని నమ్మడం కష్టం. రెండోసారి అడిగిన ఫైలుకు సర్వర్ తన జ్ఞాపకంలోని జవాబే ఇవ్వవచ్చు, మొదటి పరుగు మిగిల్చిన చెత్తను రెండో పరుగు మధ్యలో గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఖాళీ చేసే భాగం) ఊడ్చవచ్చు, ఏ ఫైలు ముందు వచ్చిందన్న దాన్నిబట్టి అంకెలు మారవచ్చు.

ఈ చిక్కును ఫజింగ్ (రకరకాల ఇన్‌పుట్లతో ప్రోగ్రామ్‌ను పరీక్షించడం) చేసేవాళ్లు ఎప్పుడో ఎదుర్కొన్నారు. ఒక ప్రోగ్రామ్‌ను లక్షలసార్లు వేర్వేరు ఇన్‌పుట్లతో నడపాలంటే ప్రతిసారీ మొదటి నుంచి లేపడం కుదరదు. అందుకే ఏఎఫ్ఎల్ అనే ఫజింగ్ టూల్ 2014లో ఫోర్క్ సర్వర్ అనే ఉపాయాన్ని తెచ్చింది. ప్రోగ్రామ్‌ను ఒకసారి లేపి, అసలు పని మొదలవబోయే గీత దగ్గర ఆపి, ప్రతి ఇన్‌పుట్‌కూ అక్కడి నుంచి ఫోర్క్ చేసి, అంటే నకలు తీసి, ఒక పిల్ల ప్రాసెస్‌ను వదులుతుంది. పిల్ల పని ముగించి చచ్చిపోతుంది, తల్లి మచ్చ లేకుండా అలాగే నిలబడి ఉంటుంది. కోడ్ ఎనాలిసిస్ టూల్ బెంచ్‌మార్క్‌కు ఇది అచ్చంగా సరిపోతుంది. కాన్ఫిగ్ చదివి, ప్లగిన్లు ఎక్కించి, రూల్స్ రిజిస్టర్ చేశాక ఫోర్క్ చేస్తే, ప్రతి కొలతా శుభ్రమైన స్థితి నుంచి మొదలవుతుంది, స్టార్టప్ మాత్రం ఒక్కసారే. ఇంత చక్కని పద్ధతి లింట్ టూల్స్ బెంచ్‌మార్కుల్లో ఇంత అరుదుగా కనిపించడం విచారించాల్సిన విషయం.

దీనికీ హద్దులున్నాయి. పైథాన్‌లో ఒక ఆబ్జెక్టును చదివినా దాని రిఫరెన్స్ లెక్క (దాన్ని ఎన్ని చోట్ల వాడుతున్నారన్న అంకె) మారుతుంది కాబట్టి, పంచుకున్న మెమరీ పేజీలు పిల్ల ప్రాసెస్‌లో ఒక్కొక్కటే కాపీ అవుతూ పోతాయి, ఆ కాపీ సమయం కొలతలో కలుస్తుంది. ఫోర్క్‌కు ముందు గార్బేజ్ కలెక్టర్‌ను ఫ్రీజ్ చేసే ఫంక్షన్ పైథాన్ 3.7 నుంచి ఉంది, అది కలెక్టర్ వల్ల జరిగే కాపీలను తగ్గిస్తుంది. జావా, నోడ్ ప్రాసెస్‌లలో ఎప్పుడూ చాలా థ్రెడ్లు నడుస్తుంటాయి. ఫోర్క్ చేస్తే పిల్లకు ఒక్క థ్రెడ్డే వస్తుంది కాబట్టి అక్కడ ఈ దారి మూసుకుపోయినట్టే.

వాటికి వేరే దారులు తెరుచుకున్నాయి. లోడ్ చేసిన క్లాసుల సమాచారాన్ని ఫైలుగా దాచుకుని మరుసటి పరుగులో నేరుగా వాడుకునే వీలు జావాలో చాలాకాలంగా ఉంది. జావా కిట్ అయిన జేడీకే 13లో టూల్ ముగిసేటప్పుడే దాన్ని రాసుకునే ఆప్షన్ వచ్చింది, 2025 మార్చిలో వచ్చిన జేడీకే 24 క్లాసులను లోడ్ చేసి లింక్ చేసిన స్థితిలోనే దాచుకునేదాకా వెళ్లింది. నోడ్ 22.8లో మాడ్యూళ్ల కంపైల్ కాష్‌ను ఆన్ చేసే ఫంక్షన్ చేరింది. వీటిని వాడితే స్టార్టప్ నిజంగానే తగ్గుతుంది, వాడుకరికీ తగ్గుతుంది. బెంచ్‌మార్క్‌లో మాత్రం ఒక నియమం పాటించాలి: వాడుకరి దగ్గర మామూలుగా ఆన్‌లో లేని కాష్‌ను పోలికలో ఒక పక్షానికే ఆన్ చేయకూడదు.

కాష్ అన్న మాట వచ్చింది కాబట్టి, ఫలితాల కాష్‌ను ఆపడం మర్చిపోతే మిగతా జాగ్రత్తలన్నీ బూడిదలో పోసిన పన్నీరే. రఫ్, మైపై, రూబోకాప్, పీహెచ్‌పీస్టాన్ మామూలుగానే ఫలితాలను దాచుకుంటాయి. ఈఎస్‌లింట్ అడిగితేనే దాచుకుంటుంది. దాన్ని ఆపకుండా పదిసార్లు నడిపితే, మొదటిసారి విశ్లేషణను, మిగతా తొమ్మిదిసార్లు కాష్ చదివే వేగాన్ని కొలిచినట్టు.

ఎక్కువ కోర్లు వాడినప్పుడు

స్టార్టప్‌లో చాలా భాగం ఒకే థ్రెడ్‌లో నడుస్తుంది. 2000 ఫైళ్లకు ఒక కోర్ మీద 0.8, 8 కలిపి 8.8 సెకన్లు. ఎనిమిది కోర్లకు పంచితే 8 సెకన్ల పని ఆదర్శంగా 1 సెకను అవుతుంది, స్టార్టప్ 0.8 అలాగే ఉంటుంది. మొత్తం 1.8, అంటే ఎనిమిది రెట్లు కాదు, ఐదు రెట్లకు కాస్త తక్కువ. ప్రతి వర్కర్ ప్రాసెసూ కాన్ఫిగ్‌ను, ప్లగిన్లను మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకుంటే ఇంకో 0.8 తోడై 2.6 అవుతుంది, లాభం మూడున్నర రెట్ల లోపే ఆగిపోతుంది. పైథాన్ టూల్స్‌లో ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి మారుతుంది. మల్టీప్రాసెసింగ్ మాడ్యూల్ లినక్స్‌లో 3.13 దాకా ఫోర్క్‌నే వాడేది, 3.14లో ఫోర్క్‌సర్వర్‌కు మారింది. మ్యాక్‌లో 3.8 నుంచి వర్కర్‌ను కొత్తగా లేపుతుంది, అంటే ఇంపోర్టులన్నీ మళ్లీ జరుగుతాయి. ఒకే టూల్ ఒకచోట బాగా పంచుకుని ఇంకోచోట తడబడటానికి కోర్ల కన్నా ఇదే పెద్ద కారణం కావచ్చు.

కొలిచే పరికరం దగ్గర

కమాండ్ల వేగాన్ని కొలిచే హైపర్‌ఫైన్ కమాండ్‌ను మామూలుగా షెల్ ద్వారా నడిపి, షెల్ లేవడానికి పట్టిన సమయాన్ని ముందే కొలిచి తీసేస్తుంది. 5 మిల్లీసెకన్ల లోపు ముగిసే కమాండ్లకు ఆ తీసివేత నమ్మదగ్గది కాదని తానే హెచ్చరిస్తుంది. వేగంగా లేచే టూల్‌ను ఖాళీ ఫైలు మీద కొలిచేటప్పుడు షెల్ లేకుండా నడిపే ఆప్షనే వాడాలి. పరిసరాల ప్రభావాన్నీ తక్కువగా చూడకూడదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ల మొత్తం సైజు మారితేనే ప్రోగ్రామ్ వేగం మారిపోవచ్చని 2009లో పరిశోధకులు చూపించారు, ఎందుకంటే స్టాక్ మొదలయ్యే చిరునామా జరుగుతుంది. పాత, కొత్త వెర్షన్లను ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి నడిపితే, మెషీన్ వేడెక్కి నెమ్మదించడం లాంటివి రెండింటి మీదా సమానంగా పడతాయి.

చివరగా లింట్ టూల్స్‌కే ప్రత్యేకమైన చిక్కు ఒకటి. ఇవి తప్పు దొరికితే సున్నా కాని ఎగ్జిట్ కోడ్ (ముగిసిన తీరు చెప్పే అంకె) ఇస్తాయి. హైపర్‌ఫైన్ దాన్ని వైఫల్యంగా తీసుకుని ఆగిపోతుంది. అందుకని చాలామంది ఎగ్జిట్ కోడ్‌ను పట్టించుకోవద్దని చెప్పి ముందుకు సాగుతారు. ఆ క్షణం నుంచి, కాన్ఫిగ్‌లో తప్పుండి ఒక్క ఫైలు కూడా చూడకుండా 0.3 సెకనులో కుప్పకూలిన టూల్, 2000 ఫైళ్లు చదివి ముగించిన టూల్ కన్నా వేగవంతమైనదిగా పట్టికలో నిలుస్తుంది. ఫైళ్లు పెరిగినా సమయం పెరగకపోతే, అంటే గీత పడుకుని ఉంటే, అనుమానించాల్సింది ముందు దీన్నే. దానికి కాపలా చవకైనదే: ప్రతి పరుగులోనూ టూల్ చెప్పిన తప్పుల సంఖ్యను పక్కన రాసుకోవాలి. పాత వెర్షన్ 412 తప్పులు చూపిస్తే కొత్తదీ 412 చూపించాలి. 411 వస్తే సమయాల పట్టికను పక్కన పెట్టి, ముందు ఆ ఒక్క తప్పు ఎటు పోయిందో వెతకాలి.